చుట్టలు తాగే పసిబిడ్డ

ఇతరుల మాటలు రాసిపెట్టడం నా పని. సూర్యాపేటలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా, జిరాక్స్ షాపుకీ టీ కొట్టుకీ మధ్య సందులో నా బల్ల ఉంటుంది. నెత్తిన రేకు, రేకు కింద బోర్డు: ‘ఉప్పుబండ్ల స్వప్న, దస్తావేజు లేఖరి. అర్జీలు వ్రాయబడును.’ నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఇంటిపేరు మారలేదు. చేసుకోకపోవడం వల్ల ఒరిగిందేమిటని మా చుట్టాలు ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. మొన్న భాద్రపదంలో వాళ్లకు చెప్పడానికి ఒక జవాబు దొరికింది. బోర్డు మీద ఆ ఇంటిపేరు చూసే డేవిడ్ సారు స్కూటర్ ఆపాడు.

సారుది మిర్యాలగూడ. కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాడు. హెల్మెట్ తీయకుండానే మొదటి ప్రశ్న వేశాడు.

“ఈ ఇంటిపేరు మీ సొంతమేనా అమ్మా?”

పొద్దుటి నుంచి సర్వర్ డౌన్. నా ముందు ఆరుగురు కూర్చుని ఉన్నారు. చిర్రెత్తుకొచ్చింది.

“ఇంటిపేరు ఎవరన్న కిరాయికి తెచ్చుకుంటరా సార్?”

ఆయన నవ్వి, హెల్మెట్ తీసి, ఫోన్ నా ముందు పెట్టాడు. తెరమీద ఒక పాత ఉత్తరం. మడతల దగ్గర చిరిగింది, అంచుల్లో పసుపు మరక. పై వరసలో ‘ఉప్పుబండ్ల’ అనే మాట ఒక్కటే ఆయన చదవగలిగాడట. తక్కినదంతా గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే పాతకాలపు రాత అది. నాకు పని నేర్పిన ముసలి పట్వారీ గారు నన్ను తిట్టి తిట్టి ఆ రాత చదవడం కూడా నేర్పాడు. అది ఎందుకూ పనికిరాని విద్య అని అప్పట్లో నేనూ ఆయన్ని మనసులో తిట్టుకున్నాను.

సంగతి ఇదీ. మారిషస్‌లో గీత అని ఒక టీచరమ్మ ఉంది. ఇంటిపేరు పెంటయ్య. అక్కడ తాతల పేర్లే ఇంటిపేర్లయిపోతాయట. వాళ్ల పాత పెట్టెలో ఏడు తెలుగు ఉత్తరాలు దొరికాయి. ఆమెకు తెలుగు మాట్లాడటం కాస్త వచ్చు, చదవడం రాదు. పాత చరిత్ర వెతుక్కునే వాళ్ల గ్రూపు ఒకటి ఫోన్లో ఉంటే అందులో పెట్టింది. అలా అవి డేవిడ్ సారు చేతికి వచ్చాయి. చెరుకు తోటల కూలీగా ఓడ ఎక్కిన వాళ్ల పెద్దాయన పేరు కాగితంలో మట్టయ్య. వాళ్ల ఇంట్లో ఉన్న చావు కాగితంలో పేరు పెంటయ్య. ఉత్తరాలన్నీ పెంటయ్యకే వచ్చాయి.

“మట్టయ్య తండ్రి, పెంటయ్య అక్కడ పుట్టిన కొడుకు అని గీత అనుకుంటుంది. కానీ ఆ కొడుకు పుట్టినట్టు ఎక్కడా కాగితం లేదు. జర చదివి చెప్పమ్మా” అన్నాడు సారు.

వేలితో తెరను పెద్దది చేసి చదివాను.

‘శ్రీరామజయం. ఖర నామ సంవత్సరం మాఘ మాసం. చిరంజీవి ఉప్పుబండ్ల పెంటయ్యకు నీ తల్లి వీరమ్మ దీవించి వ్రాయించునది. ఇచ్చట క్షేమము. నీకు మూడేండ్లు నిండినవి. పండ్లన్నియు వచ్చినవా? మాటలు తేటగా వచ్చుచున్నవా? మన్ను తినకుము. చెరుకు నరుకునప్పుడు కత్తి ఎడమచేతికి తగులకుండ చూచుకొనుము. చుట్టలు తగ్గింపుము. దగ్గు వచ్చును.’

నేను ఆగాను. సారు హెల్మెట్ బల్ల మీద పెట్టేశాడు.

“మూడేళ్ల పిల్లగాడు చెరుకు నరుకుతడా?” అన్నాడు.

“చుట్టలు గూడ తాగుతుండు సార్” అన్నాను.

నా ముందున్న ఆరుగురూ తమ అర్జీల సంగతి మరిచిపోయి ఫోన్ మీదికి వంగారు. పిచ్చితల్లి అయి ఉంటుందని ఒకడన్నాడు. రాసినవాడు తాగి రాశాడని ఇంకొకడు. నాకు మాత్రం అలా అనిపించలేదు. రోజుకు పదిమంది నా చేత రాయిస్తారు. చెప్పేవాడికి మతి ఉందో లేదో రెండో వాక్యానికి తెలిసిపోతుంది. ఈమెకు మతి ఉంది. కత్తి ఎడమచేతికే తగులుతుందని తెలిసిన మనిషి. పోనీ నాయనమ్మ మనవడికి రాయించిందా అంటే, అదే ఉత్తరం పక్క అంచున ‘నా కడుపున పుట్టినవాడవు’ అని ఉంది.

ఉత్తరాలను నా ఫోన్లోకి పంపించుకుని, సర్వర్ రాకపోయినా బల్ల మూసేసి ఇంటికి నడిచాను.

మా ఇంట్లో నేనూ, మా నాయనమ్మ ఉప్పలమ్మా ఉంటాం. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. కళ్లు సరిగా కనబడవు కానీ నోరు బాగా పనిచేస్తుంది. మా అసలు ఊరు కోదాడ అవతల. వెనకటికి బందరు నుంచి ఉప్పు బండ్లు తోలేవాళ్లం, అందుకే ఆ ఇంటిపేరు. ఏటా పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజు, పోయిన పెద్దలందరికీ ఇంట్లో వరసగా విస్తరాకులు వేసి అన్నం పెడతాం. ఒక్క విస్తరాకు మాత్రం గోడ అవతల, వీధి వైపు. దాన్ని నాయనమ్మే పెడుతుంది. పేరు పలకదు, వెనక్కి తిరిగి చూడదు. ఎవరిదని చిన్నప్పుడు అడిగితే ‘ఓడ తాతది’ అనేది. ఇంకా అడిగితే మొట్టికాయ వేసేది.

ఆ రోజు అన్నం తింటున్నప్పుడు అడిగాను.

“నాయనమ్మా, గోడవతల ఇస్తారాకు ఎవరిది? పేరేంది?”

“తినేటప్పుడు గా ముచ్చటెందుకే?”

“మట్టయ్యనా?”

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

“నీకెవరు జెప్పిండ్రు?”

ఉత్తరాల సంగతి చెప్పాను. అప్పుడు ఆమె, వాళ్ల అత్త తనకు చెప్పినదంతా నాకు చెప్పింది. ఆ అత్త మట్టయ్య తమ్ముడికి కోడలు.

ధాత నామ సంవత్సరపు కరువులో, నూట యాభై ఏళ్ల కింద, మట్టయ్య ఉప్పు బండి వెంట పోయి తిరిగి రాలేదు. అప్పటికి ఇరవై ఏళ్లవాడు, పెళ్లి కాలేదు. బతికున్నాడో లేదో తెలియదు. తల్లి వీరమ్మకు ఇద్దరే కొడుకులు. చిన్నవాడు లింగయ్య పెళ్లీడుకు వచ్చి దాటిపోతున్నాడు. పెద్దోడు ఉండగా చిన్నోడికి పిల్లను ఎవరిస్తారు? పన్నెండేళ్లు కబురు లేకపోతే పోయినట్టే లెక్క అన్నారు కులపెద్దలు. గడ్డిబొమ్మ చేసి, పాడె కట్టి, లింగయ్య చేత కొరివి పెట్టించారు. పదకొండు రోజుల కర్మ చేశారు. వెంటనే లింగయ్యకు పెళ్లి చేశారు.

“మూడో నెలకు జాబొచ్చిందంట” అంది నాయనమ్మ. “నేను మంచిగున్న అమ్మా అని. సంత కాడ ఎవరో సదివి జెప్తే వీరమ్మ గాన్నే కూలవడ్డదంట. ఊరంత ఒక్కటే మాట. బతికున్న కొడుకును కాలవెట్టినవ్ గదనే అని. మల్ల ఆ మనిషి నుంచి జాబు రాలేదంట. రాయద్దని పెద్దలు కట్టడి గూడ జేసిండ్రంట. సచ్చినోనితోని సంబంధం వెట్టుకుంటె వెలి అన్నరు.”

“అయితే?”

“అయితే ఏంది? గా పెండ్లి సంతానమే మనం. ఆయనకు కొరివి వెడ్తెనే మనం పుట్టినం. గందుకే ఈ ఇంట్ల పెద్దకొడుకు నిలువడు. మా మామ అన్న నిలువలే. మీ నాయన నిలువలే.”

మా నాన్న ఆమెకు పెద్ద కొడుకు. నలభై ఒకటో ఏట మునగాల దగ్గర హైవే మీద లారీ గుద్ది పోయాడు. డ్రైవర్ నిద్రపోయాడని కేసులో రాశారు. ఆ కాగితం నేనే చదివి వినిపించాను. అయినా పాతికేళ్లుగా ఆమె లోపల ఇంకో కారణం పెట్టుకుని ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“అన్ని సదువు బిడ్డా” అంది ఆమె. “నాకు ఒక్కటే జెప్పు. ఆయన మా మీద కోపంతోనే పోయిండా, లేదా? నేను పోతే గాడ ఎదురైతడు గద. ఏ మొఖం వెట్టుకోని కలవాలె?”

నేను అర్జీలు రాసేదాన్ని. ఇలాంటి అర్జీ ఇంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు మిగతా ఆరు ఉత్తరాలూ కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. అన్నిటిలోనూ అదే వింత. ఒకదాంట్లో ‘పాలు మరిచితివా’ అని. ఒకదాంట్లో ‘మేస్త్రీతో తగవు పడకుము’ అని. ఇంకొకదాంట్లో ‘నీ తొట్లెనాడు నీ గొంగడే తొట్లెలో ఉన్నది’ అని. బిడ్డను ఉయ్యాలలో వేసే రోజున నువ్వు కాకుండా నీ గొంగడి ఉండటమేమిటి? మాట్లాడితే దేవుడి మొక్కులు, వేపాకు మందులు. జవాబు మాత్రం మన ఊరికి పంపవద్దు, జగ్గయ్యపేటలో ఈ రాసే పంతులు ఇంటికే పంపు అని ప్రతి ఉత్తరం అంచునా ఉంది. జగ్గయ్యపేట ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ల సీమ. మాది నైజాం. అంటే ఆమె ఊరికి తెలియకుండా సరిహద్దు దాటిపోయి రాయించేది. ఎవరికి? ఇద్దరే కొడుకుల్లో ఒకడు ఇంట్లో ఉన్నాడు, ఇంకొకడికి ముప్పై దాటాయి. మరి మూడేళ్ల పిల్లాడెవరు?

ఆ తలనొప్పిలో ఉండగా లచ్చిరాం వచ్చాడు. తిరుమలగిరి అవతల తండా మనిషి, అరవై దాటినవాడు. బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“బిడ్డా, నేను బతికే ఉన్ననని రాయి.”

“కనవడుతనే ఉన్నవ్ గద తాతా.”

“నీకు కనవడుతున్న. కంపూటర్ల సచ్చిపోయిన. రేషన్ కార్డుల పేరు కొట్టేసిండ్రు.”

ఏ ఆఫీసో చెప్పను, పేరు చెబితే రేపు నా పనులు ఆగుతాయి. అక్కడికి ఇతను మూడుసార్లు తిరిగాడు. ఎదురుగా నిలబడి, వేలిముద్ర వేసి, నేనే అని చెప్పినా లాభం లేకపోయింది.

“ఆఖరికి ఏమన్నరు?” అని అడిగాను.

“సచ్చినట్టు ఎక్కింది ఇగ తీయరాదంట. కొత్త మనిషి లెక్క మల్ల దరఖాస్తు వెట్టుకోమన్నరు. అప్పుడే పుట్టిన పిలగాన్ని ఎక్కిచ్చినట్టు ఎక్కిస్తరంట. గిదేం పరేషానో సూడు.”

కలం నా చేతిలోనే ఉంది. రాయడం మానేసి అతని మొహం చూస్తూ కూర్చున్నాను. చచ్చినట్టు ఎక్కింది తీయరాదు. కొత్తగా పుట్టినట్టు ఎక్కించాలి.

“తాతా, నీ కడుపు సల్లగుండ” అన్నాను. అతని అర్జీ మూడు కాపీలు రాసి, ఏమీ తీసుకోకుండా పంపించాను. అతను భయపడ్డాడు. ఏమీ తీసుకోని లేఖరిని అతను ఎప్పుడూ చూడలేదు.

వెంటనే డేవిడ్ సారుకు ఫోన్ చేశాను.

“సార్, ఆమె ఉత్తరాలకు ఒక్క పక్కనే ఫోటోలు తీసింది. అన్నీ తిప్పి వెనకపక్క తీయమనండి. రాసేవాడు తన మాట వెనకనే రాసుకుంటాడు. మా పనిలో అది అలవాటు.”

“వెనక మరకలే ఉన్నాయని చెప్పిందమ్మా.”

“ఆ మరకలే నాకు కావాలి.”

రెండు రోజులకు ఫోటోలు వచ్చాయి. సంవత్సరాల వరసలో మొదటి ఉత్తరం వెనక చిన్న అక్షరాలతో, వేరే మర్యాదతో, ఇలా ఉంది.

‘మట్టయ్యగారికి ఈ ఉత్తరము వ్రాసిన జగ్గయ్యపేట పంతులు చేయు మనవి. మీ తల్లి మీ పేరు పలుకదు. మీరు పోయితిరని ఎంచి మీ తమ్ముని చేత కొరివి పెట్టించి, పిదప అతనికి పెండ్లి చేసినారు; ఆ సంగతి లోపల వ్రాయనీయలేదు. చచ్చినవాని పేర పిలిచిన నిజముగనే ప్రాణము పోవునని ఆమె భయము. అందువలన మీ పాత గొంగడిని పెంటకుప్ప మీద దొర్లించి, తెచ్చి తొట్లెలో వేసి, ఒంటరిగా తానే పాట పాడి, పెంటయ్య యని పేరు పెట్టినది. మీరు ఆనాడు పుట్టినట్లు ఎంచవలెనట. ముప్పదిరెండేండ్ల మగవానికి పాలు త్రాగుచున్నావా యని వ్రాయుటకు నాకు చేయి రాలేదు. నేను చెప్పినట్టే రాయి, నీ తెలివి నాకొద్దు అని కోపించినది. కావున వ్రాసితిని. తప్పు నాది గాదు.’

నేను చెప్పినట్టే రాయి, నీ తెలివి నాకొద్దు. ఈ మాట నా బల్ల ముందు వారానికి ఒకసారైనా వింటాను. ఆ పంతులు మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

బిడ్డ పుట్టి పుట్టి పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పేరు పెట్టడం మా వైపు అందరికీ తెలిసిన సంగతే. చావుకు కూడా అక్కర్లేని పేరు అది. వీరమ్మ పోయిన కొడుక్కి, పోకుండా ఉండేందుకు, ఆ పేరు పెట్టింది. చేసిన కర్మను చెరిపేసే దారి లేదు. అందుకని మళ్లీ కన్నది.

సాయంత్రం ఇంటికి వెళ్లి నాయనమ్మను కూర్చోబెట్టి వరసగా చదవడం మొదలుపెట్టాను. గొంగడి దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఎక్కడో సముద్రం అవతల, చెరుకు తోటలో, పన్నెండేళ్ల తర్వాత ఇంటి నుంచి వచ్చిన మొదటి ఉత్తరం ఎవరిచేతనో చదివించుకుని, నిన్ను తగలబెట్టాం, నువ్విప్పుడు పసిపిల్లాడివి అని విన్న మనిషికి ఎలా ఉండి ఉంటుంది?

రెండో ఉత్తరం వికృతి నామ సంవత్సరానిది. పైకి చదివి వినిపించాలంటే నాకే భయం వేసింది.

‘ఏడాది దాటినది. నీ జవాబు లేదు. ప్రతి సంతకు వచ్చి పంతులు అరుగు మీద కూర్చుండి పోవుచున్నాను. కోపము వచ్చిన తిట్టి వ్రాయుము. వ్రాయకుండుట మాత్రము వద్దు.’

“సూసినవా” అంది నాయనమ్మ, చాలా మెల్లగా. “కోపమే. ఎవలికైన రాకుంట ఉంటదా?”

“ఆగు నాయనమ్మా. ఇంకా ఐదున్నయి.”

మూడోది చుట్టలు తాగే పసిబిడ్డ ఉత్తరం. ముందువైపు నాకు కంఠతా వచ్చేసింది. ‘దగ్గు వచ్చును’ దగ్గర కాగితం అయిపోయింది, అక్కడితో ఉత్తరమూ అయిపోయిందనుకున్నాను. కాలేదు. వెనక్కి తిప్పి కొనసాగించారు. గీత మరకలని వదిలేసింది అదే. వెనక ఫోటో తెరిచి చదివాను.

‘నీ జాబు ముట్టినది. నీవు వ్రాయించిన మాటలు పంతులు రెండు మారులు చదివినాడు. అమ్మా, ఆలస్యమునకు కోపపడకుము, చేతులు చిన్నవి, కలము పట్టుట ఇప్పుడే నేర్చుకొంటిని అంటివి. పండ్లు వచ్చినవి, వచ్చి రెండు ఊడినవి కూడ అంటివి. నడక రాలేదు, సముద్రము దాటి పాకివచ్చుటకు ఇంకను బలము చాలదు అంటివి. అది విని నేను నవ్విన నవ్వుకు సంతకు వచ్చినవారు బండ్లు ఆపి చూచినారు. పదిహేనేండ్ల తరువాత నవ్వితిని.’

నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి. నేను ఆపితే తిట్టేలా ఉంది. చదివాను.

‘తమ్ముని గూర్చి నీవు వ్రాయించినది మూడవ మారు చదివించుకొంటిని. తమ్ముడు నాకు కొరివి పెట్టెనని ఏడ్వవలదు అంటివి. నేను మళ్లీ పుట్టితిని గదా, ఇప్పుడు లింగయ్యయే నాకు అన్న అంటివి. అన్న పెండ్లి ముందు జరుగుట న్యాయమే, అందు తప్పేమున్నది, అన్నకూ వదినెకూ నా దండము చెప్పుము అంటివి. బిడ్డా, ఆ దండము గొంతువరకు వచ్చినది. చెప్పిన యెడల పెద్దలు వెలివేయుదురు. కోడలు కడుపుతో నున్నది. చెప్పలేకపోతిని. ఎన్నడైన చెప్పుదును.’

ఆమె చెప్పలేదు. మిగిలిన ఉత్తరాలు చదివితే ఆ సంగతి తెలుస్తుంది. ప్రతిదాంట్లోనూ ‘దండము ఇంకను చెప్పలేదు’ అని ఒక ముక్క ఉంది. ఆఖరుది హేవిళంబి సంవత్సరానిది. ‘నీకు ఎనిమిదేండ్లు. నాకు పొద్దు వాలినది. దండము నాతోనే ఉండిపోవునేమో’ అని ముగించింది. నూటముప్పై ఏళ్లు దాటాక ఆ దండం మా ఇంటికి వచ్చింది. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది ఒక ముసలమ్మా, పెళ్లికాని దస్తావేజు లేఖరీ.

“మల్ల సదువు” అంది నాయనమ్మ.

“ఎక్కడి నుంచి?”

“గదే. లింగయ్యనే నాకు అన్న అన్నడు సూడు. ఆడికెల్లి.”

నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారి ఆమెకు నవ్వు వచ్చింది. ఊడిపోయిన పళ్ల మీద చెయ్యి పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వి, నవ్వుతూనే ఏడ్చి, ముక్కు తుడుచుకుంది.

“ఎంత కొంటెవోడే” అంది. “పాకుతున్నడంట!”

కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు అంది. “అయితే మీ నాయన లారీ కిందనే పోయిండు బిడ్డా. ఇంగేం లేదు. డ్రైవర్ నిద్రవోయిండు.”

“అవు నాయనమ్మా.”

“పాపం వాడు గూడ ఎన్ని దినాలకెల్లి నిద్రలేకుంట నడిపిండో.”

పాతికేళ్లలో ఆ డ్రైవర్ గురించి ఆమె మాట్లాడటం అదే మొదలు.

గీతకు అంతా తెలుగులో నెమ్మదిగా చెప్పి గొంతు రికార్డు చేసి పంపాను. పెంటయ్య అంటే అర్థం ఏమిటని ఆమె డేవిడ్ సారును ఎప్పుడో అడిగిందట. మీ ఇంటిపేరు చెత్తకుప్ప అని చెప్పడానికి పెద్దమనిషికి నోరు రాక, దేవుడి పేరని చెప్పాడు. నాకు అంత మొహమాటం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఎందుకు పెట్టిందో కూడా చెప్పాను. గంటకు జవాబు వచ్చింది. ముక్కలు ముక్కలు తెలుగు. “నాన్నకు చెప్పాను. నాన్న స్కూల్లో ఈ పేరుకు సిగ్గుపడేవాడు. మళ్ళీ చెప్పు అన్నాడు. మూడుసార్లు చెప్పాను.” వాళ్లూ మా నాయనమ్మ లాంటివాళ్లేనని నాకు నిర్ధారణ అయింది.

ఆ తర్వాతి ఆదివారమే పెత్రమాస. వీధి నిండా తంగేడు పూల గంపలు, ఆడపిల్లల హడావిడి. డేవిడ్ సారు మిర్యాలగూడ నుంచి వచ్చాడు. ఆయన క్రైస్తవుడు, మా పెద్దల అన్నం ముట్టకపోవచ్చని విడిగా వండాను. ఆయన వచ్చీ రాగానే వాసనేదో బాగుందని పెద్దల గిన్నె దగ్గరే కూర్చున్నాడు. ఇంట్లో విస్తరాకులు వరసగా వేశాం. అలవాటు కొద్దీ ఒక ఆకు తీసుకుని నేను వీధి తలుపు వైపు నడిచాను.

“ఏడికే?” అంది నాయనమ్మ.

“గోడవతల...”

“గీడికి తే.”

ఆకు నా చేతిలో నుంచి తీసుకుంది. తడుముకుంటూ వరస దగ్గరికి వెళ్లి లింగయ్య ఆకు ఎక్కడుందో నన్ను అడిగింది. దానికి ఎడమ పక్కన, చిన్నవాళ్లు కూర్చునే చోట, ఈ ఆకు వేసింది. అన్నం, గారెలు, పప్పు వడ్డించింది. తర్వాత వీధి తలుపు బార్లా తెరిపించి, గడప దగ్గర నిలబడి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వినేలా గట్టిగా పిలిచింది.

“పెంటయ్యా! ఓ మట్టయ్యా! లోపటికి రా బిడ్డా, మీ అన్న పక్కపొంటి కూసో. నీ దండం ముట్టింది.”

రెండు పేర్లూ పలికింది. ఏ పేరుకు ఏమవుతుందన్న భయం ఆమె మొహంలో లేదు. లోపలికి వచ్చి, బొడ్లో నుంచి ఏదో తీసి ఆకు పక్కన పెట్టింది. చూస్తే చుట్ట. పక్కింటి ముసలాయన దగ్గర అడిగి తెచ్చి దాచుకుందట.

“నాయనమ్మా, తల్లి వద్దన్నది గద” అన్నాను.

“అంటది. తల్లులు అట్లనే అంటరు” అంది ఆమె, చుట్టను ఆకుకు ఇంకొంచెం దగ్గరికి జరుపుతూ. “గంత దూరం పాకుకుంట వచ్చిండు. ఒక్కటి తాగనీ.”